వంతెన మూసిన రోజుల్లో భద్రాచలం

భద్రాచలం వెళ్ళొచ్చామంటే మనలో చాలామందిమి చెప్పుకునేది ఒకటే. పొద్దున్నే గోదాట్లో మూడు మునకలేశాం, మెట్లెక్కి రామయ్యని చూశాం, ప్రసాదం తిన్నాం, పర్ణశాలకి వెళ్ళొచ్చి సాయంత్రం బస్సెక్కాం... అంతే! కానీ 2023 డిసెంబరులో ముక్కోటికి ముందు మేం వెళ్ళినప్పుడు మా చెల్లెలి కొడుకు కూడా వచ్చాడు. వాడు ఓ టీవీ వార్తల చానల్లో కెమెరామన్. 2022 జూలైలో గోదావరికి పెద్ద వరదొచ్చినప్పుడు ఆ ఊళ్ళో చిక్కుబడిపోయి, రిపోర్టరు లేకుండా మొదటిసారి తనొక్కడే వార్తలు చెప్పాడు. ఏ వీధిలో ఎక్కడిదాకా నీళ్ళొచ్చాయో, ఎవరు ఏమన్నారో వాడు చూపిస్తూ తిప్పుతుంటే ఎన్నిసార్లో చూసిన ఊరే కొత్తగా కనపడింది. ఆ సంగతులు మీతో పంచుకుందామనే ఇది రాస్తున్నాను.

దారి సంగతి ముందు

రైల్లో వచ్చేవాళ్ళు 'భద్రాచలం రోడ్' అన్న స్టేషను పేరు చూసి దిగగానే గుడి కనపడుతుందనుకునేరు! ఆ స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. అక్కణ్ణించి బస్సులో ఇంకో 40 కిలోమీటర్లు పోవాలి. ఖమ్మం నుంచి రోడ్డు మీదైతే సుమారు 120 కిలోమీటర్లు. ఈ రెండు దారుల్లో దేన్లో వచ్చినా ఆఖరికి సారపాక చేరతాం. కాగితం మిల్లు దాటి కాస్త ముందుకొస్తే ఎదురుగా గోదారి, దానిమీద పొడుగాటి వంతెన. వంతెన దిగితే భద్రాచలం. మేం వెళ్ళినప్పుడు పక్కనే రెండో వంతెన పని జరుగుతోంది. ఇప్పుడు దానిమీద కూడా బళ్ళు తిరుగుతున్నాయి.

డిసెంబరు గోదారి ఎంత నెమ్మదో! మధ్యలో ఇసుక తిన్నెలు, ఒక పాయలో పిల్లలు ఈతలు కొడుతున్నారు. "ఇదా పెద్దమ్మా ఆ రోజు వంతెన కిందనుంచి చెట్లకి చెట్లు కొట్టుకొచ్చిన నది!" అన్నాడు మావాడు. నిజంగానే నమ్మబుద్ధి కాలేదు.

అడుగుల లెక్క

ఊళ్ళోకి రాగానే ఎడాపెడా గుడివైపు పరిగెత్తకుండా ఒక్కసారి కరకట్ట ఎక్కి చూడండి. నదికీ ఊరికీ మధ్య కోటగోడలా పొడుగ్గా ఉంటుంది. అవతలివైపు స్నానఘట్టాలు. అక్కడే నీటిమట్టం కొలిచే అడుగుల గుర్తులుంటాయి. మనం వంటింట్లో గ్యాసు సిలిండరు ఎన్ని రోజులొస్తుందో లెక్కపెట్టుకున్నట్టు ఆ ఊరి ఆడవాళ్ళు వానాకాలమంతా ఆ అడుగులు లెక్కపెట్టుకుంటారు. నీళ్ళు 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మొదటి హెచ్చరికని ఎవరూ పెద్దగా పట్టించుకోరుట. రెండోదానికి బియ్యం డబ్బా అటక మీదికెక్కుతుంది. మూడోదానికి పిల్లల్నీ ముసలివాళ్ళనీ మెరకకి పంపించేస్తారు.

2022 జూలై 16 తెల్లవారుజామున అది 71.3 అడుగులు! మొదటి హెచ్చరిక మట్టం మీద ఇంకో 28 అడుగులన్నమాట. మన ఇళ్ళ లెక్కలో చెప్పాలంటే దాదాపు మూడంతస్తుల మేడ ఎత్తు నీళ్ళు అదనంగా వచ్చి నుంచున్నాయి. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరదే అన్నిటికన్నా పెద్దది. దాని తర్వాత ఇదే. 1986లో ఈ కరకట్ట లేదు.

నీళ్ళన్నీ ఇక్కడికే ఎందుకొస్తాయని అడిగాను. పైన మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కురిసిన వానంతా ప్రాణహిత, ఇంద్రావతి నదుల్లోంచి గోదాట్లో కలిసి భద్రాచలం మీదుగానే పోవాలి. దిగువన కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. శబరి కూడా పొంగిందంటే గోదారి నీళ్ళకి దారి చిక్కక వెనక్కి ఎగదన్నుతాయి. ఆ కిందనేమో పాపికొండల మధ్య ఇరుకు దారి. కొళాయి పూర్తిగా విప్పి సింకు గొట్టం సగం మూసినట్టే! మామూలుగా ఇంత పెద్ద వరదలు ఆగస్టులో వస్తుంటాయి. ఆ ఏడు జూలైలోనే రావడంతో ఎవరూ సర్దుకుని లేరు.

వాడు ఇటు, రిపోర్టరు అటు

వరద పెరుగుతోందని వార్త రాగానే మావాడూ వాళ్ళ రిపోర్టరూ కలిసే భద్రాచలం వచ్చారు. సారపాక అవతల బూర్గంపాడు వైపు ఊళ్ళు మునుగుతున్నాయని, గంటలో చూసొస్తానని, కావలసింది ఫోన్లోనే తీసుకుంటానని రిపోర్టరు వెళ్ళాడు. వీడు కరకట్ట మీద నదిని చిత్రీకరిస్తూ ఇటు ఉండిపోయాడు. సాయంత్రానికి వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 1986 తర్వాత మళ్ళీ వంతెన మూయడం ఇదేనని ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పుకున్నారుట. చుట్టుపక్కల రోడ్ల మీదికి కూడా నీళ్ళొచ్చేశాయి. ఇంకేముంది, రిపోర్టరు ఆ ఒడ్డున, కెమెరా ఈ ఒడ్డున!

హైదరాబాదు నుంచి ఫోను. "ఊళ్ళో మనవాళ్ళలో ఉన్నది నువ్వొక్కడివే. నువ్వే చెప్పు" అన్నారు. వీడికి గుండె గుభేలుమంది. పదేళ్ళబట్టీ కెమెరా వెనకాల నుంచున్నవాడు. రిపోర్టరు కాలరు సర్దేది, "అన్నా, కొంచెం ఎడమకి జరుగు" అనేది, మైకు బ్యాటరీ చూసేది అంతా వాడే. కానీ తను ముందుకొచ్చి మాట్లాడింది ఒక్కనాడూ లేదు. మా చెల్లెలు నవ్వుతూ చెప్తుంది, పెళ్ళిచూపుల్లో కూడా నాలుగు ముక్కలు మాట్లాడలేదుట!

మనిషి ఒక్కడే ఉంటే తననెవరు తీస్తారు? ఆ విద్య కూడా చూపించాడు మాకు. కెమెరాని మూడుకాళ్ళ స్టాండు మీద బిగించాలి. తను ఎక్కడ నుంచుంటాడో అక్కడ తన ఎత్తులో ఏదో ఒకటి పెట్టి దాన్నిబట్టి ఫోకస్ కుదుర్చుకోవాలి. వాడు ఒక వెదురు గెడకి తన టోపీ తగిలించి కరకట్ట మీద పాతాడుట! తర్వాత కెమెరా పక్కనుండే చిన్న తెరని తనకి కనపడేటట్టు ఇటు తిప్పుకుని, బటను నొక్కి, పరిగెత్తుకెళ్ళి గెడ తీసేసి ఆ చోట నుంచోవాలి. మైకు చొక్కాకి. గొడుగు పట్టుకోడానికి లేదు, గాలికి ఆ చప్పుడు మైకులో పడుతుంది. కెమెరాకి మాత్రం ప్లాస్టిక్ తొడుగు. తను తడిసినా ఫరవాలేదు, అది తడవకూడదు.

మొదటి మూడుసార్లూ మాట తడబడింది. రిపోర్టర్లు చెప్పే 'ఉగ్రరూపం', 'జలదిగ్బంధం', 'మహోధృతం' అన్నీ ఒక్క వాక్యంలో ఇరికించబోయాడు. నాలుక తిరగలేదు. కట్ట మీద ఒకావిడ నుంచుని ఇదంతా చూస్తోందిట. ఘాటు దగ్గర పసుపు కుంకాలు, గాజులు అమ్ముకునే మనిషి. "అవన్నీ ఎందుకు తమ్ముడూ? అదిగో, ఆ రేకుల కొట్టు నాది. పొద్దున అరుగు కనపడింది. మధ్యాహ్నానికి తలుపు గొళ్ళెం దాకా వచ్చింది. ఇప్పుడు పైరేకు ఒక్కటే కనపడతాంది. అది చెప్పు, అందరికీ తెలుస్తది" అంది.

వాడు అలాగే చెప్పాడు. ఆ రేకు చూపించి, పొద్దుటి సంగతీ సాయంత్రం సంగతీ చెప్పి, ఇప్పుడు నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో చెప్పి ముగించాడు. ఒక నిమిషం కూడా లేదుట. ఇక్కడ ఖమ్మంలో మేమందరం టీవీ ముందు కూచున్నాం. వాళ్ళమ్మ అయితే కొడుకు ఏం చెప్పాడో వినలేదు, "చూడవే, ఎలా తడిసిపోయాడో" అని ఒకటే ఏడుపు!

బడిలో తలదాచుకున్నవాళ్ళు

పల్లపు కాలనీల వాళ్ళని బడుల్లోకీ కాలేజీల్లోకీ చేర్చారు. మర్నాడు వాడు ఒక బడికి వెళ్ళాడు. ఆ బడి మేమూ చూశాం. పిల్లలు ఎక్కాలు అప్పజెప్తున్నారు. ఆ రోజు మటుకు ఒక్కో గదిలో పది పదిహేను కుటుంబాలు. నల్లబల్ల కిందే చంటిపిల్లలకి చీర ఉయ్యాల.

లోపల ఒక మూల కొందరు ఆడవాళ్ళు తడిబట్టలు మార్చుకుంటూ దుప్పటి అడ్డం పెట్టుకున్నారు. వీణ్ణి చూసి కంగారుపడ్డారు. మావాడు వెంటనే కెమెరా కిందికి దించేసి, వరండాలోకొచ్చి నుంచున్నాడు. "లోపలికి రమ్మంటేనే వస్తానమ్మా" అన్నాడు. పది నిమిషాలాగి వాళ్ళే పిలిచారు. ఈ ఒక్క ముక్క విన్నప్పుడు నాకు మా చెల్లెలి పెంపకం మీద గౌరవం కలిగింది. వరదలో ఇల్లు పోయినంతమాత్రాన ఆడదాని మర్యాద పోవాలా?

రిపోర్టర్లు మామూలుగా అడిగేది, "ఎంత నష్టం జరిగిందమ్మా?" అని. వీడికి ఆ ప్రశ్నలు రావు. అందుకని, "ఇప్పుడు ఇక్కడ మీకేం కావాలి?" అని అడిగాడుట. భోజనం వస్తోందన్నారు. కానీ అంతమందికి రెండే మరుగుదొడ్లు, వాటికి నీళ్ళు లేవు. తాగే నీళ్ళు కాచుకునే వీల్లేదు, పాలపొడి కలపాలంటే భయం. కట్టుకున్న చీర తప్ప రెండో చీర లేదు. ఒకామె చెవిలో చెప్పినట్టు, "నెలసరి వచ్చిన ఆడపిల్లలున్నారు బాబూ, ఎవరిని అడగాలి?" అంది. ఆమె మొహం చూపించకుండా ఆ మాట కూడా చెప్పాడు వాడు.

సాయంత్రానికి నీళ్ళ ట్యాంకరు వచ్చింది. మర్నాడు ఎవరో దాతలు చీరలూ న్యాప్కిన్లూ పంపారు. "నీ వార్త చూసేనా?" అని అడిగాను. "ఏమో పెద్దమ్మా, ముందే బయల్దేరిందేమో. నేను చూసి చెప్పానంతే" అన్నాడు.

ఆ రాత్రి వచ్చిన ఫోను

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. నీళ్ళు 70 అడుగులకి చేరుతున్న రాత్రి. కరెంటు లేదు. పన్నెండు దాటాక ఆఫీసు నుంచి ఫోను. "కరకట్ట తెగిందట కదా! ఎవరో వేసేస్తున్నారు, నువ్వు కూడా ఫోన్లో చెప్పెయ్, స్క్రోలింగ్ పెడతాం" అన్నారు.

ఒక్కసారి ఆలోచించండి. కట్ట తెగిందని టీవీలో వస్తే ఆ చీకట్లో వేలమంది పిల్లల్ని చంకనేసుకుని రోడ్డు మీద పడతారు. ఎటు పోతారు? వంతెన మూసేశారు, మిగతా దారుల్లో నీళ్ళు. తొక్కిసలాటలో పోయేవాళ్ళు, మోరీల్లో పడేవాళ్ళు... పోనీ నిజంగానే తెగి ఉండి, చెప్పకపోతేనో? అదింకా ఘోరం.

"చూడకుండా చెప్పను సార్. పావుగంట టైమివ్వండి" అన్నాడుట మావాడు. అవతలాయనకి కోపమొచ్చింది. వీడు ఫోను జేబులో పెట్టుకుని, లైటు పట్టుకుని కట్ట వెంబడి నడిచాడు. ఆ కట్ట మీద మేం పట్టపగలు నడిచాం. ఒకవైపు నది, ఒకవైపు ఇళ్ళ కప్పులు. అర్ధరాత్రి, వానలో, చేతికందే ఎత్తులో నీళ్ళు హోరుమంటుంటే ఎలా నడిచాడో!

కట్ట తెగలేదు. జరిగిందేమిటంటే, ఊళ్ళోని వాననీరూ మురుగునీరూ నదిలోకి పోడానికి కట్ట అడుగున తూములుంటాయి. నది పొంగితే ఆ నీళ్ళు ఎదురు రాకుండా వాటి తలుపులు దించేస్తారు. దించినా సందుల్లోంచి నీరు ఊరుతుంది. పైగా ఊరి నీళ్ళకి బయటికి దారి ఉండదు. అలా చేరిన నీళ్ళు గుడి కింద పల్లపు వీధుల్లో మోకాలి లోతు నిలిచాయి. అది చూసి ఎవరో కట్ట తెగిందన్నారు. అక్కడ పెద్ద పెద్ద మోటార్లు పెట్టి నీళ్ళు తోడి మళ్ళీ నదిలో పోస్తున్నారు. సిబ్బంది ఇసుక బస్తాలు వేస్తున్నారు.

వాడు అక్కడే నుంచుని చెప్పాడు. "నేను కట్ట మీద నుంచుని ఉన్నాను. కట్ట తెగలేదు. తూము దగ్గర నీరు ఊరుతోంది, మోటార్లతో తోడుతున్నారు. పల్లపు వీధుల్లో ఉన్నవాళ్ళు మెరకకి వెళ్ళండి, మిగతావాళ్ళు పుకార్లు విని రోడ్ల మీదికి రాకండి." నాలుగే వాక్యాలు. ఈసారి నాలుక ఎక్కడా తడబడలేదుట. ఏ గొప్ప మాటా గుర్తు రాలేదు మరి!

జూలై 17న అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు వచ్చి వంతెన మీద గోదావరికి పూజ చేశారు, మునిగిన కుటుంబానికి పదివేల రూపాయల చొప్పున సాయం ప్రకటించారు. అప్పటికి రిపోర్టరు కూడా వచ్చి చేరాడు. మావాడు మైకు ఆయన చేతికిచ్చి మళ్ళీ కెమెరా వెనక్కి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ కెమెరామన్‌గానే ఉన్నాడు. "నాకిదే బాగుంది" అంటాడు.

నీళ్ళు పోయాక ఆడవాళ్ళ పని

వరద టీవీలో నాలుగు రోజులే. నీళ్ళు తీశాక ఇంట్లో మోకాలి మందం ఒండ్రుమట్టి, పాములు, తేళ్ళు, కంపు. ఆ పని ఆడవాళ్ళదే. ఒక కాలనీలో మావాడికి పరిచయమైన ఒకావిడ ఇంటికి వెళ్ళి టీ తాగాం. గోడ మీద మట్టి గీత ఇంకా లీలగా ఉంది. సున్నం వేసినా పైకి తేలుతోందిట. ఆవిడ చెప్పిన జాగ్రత్తలు వరద ఊళ్ళవాళ్ళకే కాదు, ఈ రోజుల్లో పట్నాల్లో ఉండేవాళ్ళకీ పనికొస్తాయి.

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పొలం కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ గట్టి పాలిథీన్ కవరులో పెట్టి మూతి బిగించి ఒకే సంచిలో ఉంచుకోవాలి. జూన్ రాగానే ఆ సంచి తలుపు వెనక మేకుకి తగిలించేస్తుంది ఆవిడ. రెండు చీరలు, బీపీ మాత్రలు, అగ్గిపెట్టె, టార్చి కూడా అందులోనే.

వరదనీరు తగిలిన బియ్యం, పప్పులు, పిండి కడిగి ఎండబెట్టి వాడదామని చూడకూడదు, పారెయ్యాల్సిందే. కష్టంగానే ఉంటుంది, కానీ విరేచనాలొస్తే అంతకన్నా ఖర్చు. నీళ్ళు మరగకాచి తాగాలి, లేదా క్లోరిన్ బిళ్ళలు వేసుకోవాలి. ఫ్రిజ్, మిక్సీ, ఫ్యాను ఆరాయి కదా అని స్విచ్చి వెయ్యొద్దు, ఎలక్ట్రీషియన్ చూశాకే. గిన్నెలు సబ్బుతో తోమి వేడినీళ్ళలో మరిగించాలి. నేల ముందు మట్టి తీసి కడిగి, ఆ తర్వాతే బ్లీచింగ్ నీళ్ళు పొయ్యాలి. మట్టి మీదే చల్లితే పనిచెయ్యదు.

"మీరు వేరే ఊరు వెళ్ళిపోవచ్చుగా?" అన్నాను. "రాముణ్ణి వదిలి ఏడకి పోతామమ్మా? నాకు పని దొరికేదీ ఈడనే" అందావిడ.

గుడి, చుట్టుపక్కల

గుడి సంగతి చెప్పకుండా ముగిస్తే రామయ్య ఒప్పుకోడు. 17వ శతాబ్దంలో పాల్వంచ తహసీలుదారు కంచర్ల గోపన్న ఈ గుడి కట్టించి, సర్కారు సొమ్ము వాడాడని గోల్కొండ కోటలో ఏళ్ళతరబడి చెరసాలలో ఉన్నాడు. ఆయనే మన రామదాసు. ఇక్కడి స్వామికి నాలుగు చేతులు, శంఖం చక్రం, ధనుస్సు బాణం. ఎడమ తొడ మీద సీతమ్మ. గుడి గుట్ట మీద ఉంది కనుక ఎంత వరదకీ గర్భగుడికి భయం లేదు. పర్ణశాల 35 కిలోమీటర్లు. నది ఒడ్డునే కావడంతో వరదొస్తే అక్కడి బొమ్మలు కూడా మునుగుతాయి.

ఇంకో వింత. 2014లో చుట్టుపక్కల ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, భద్రాచలం ఊరు తెలంగాణలో ఉండిపోయింది. ఎటపాక రోడ్డులో కాస్త నడిస్తే రాష్ట్రం మారిపోతుంది! నీళ్ళకి ఆ గీత తెలియదు కదా. ఆ జూలైలో కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల ఊళ్ళూ మునిగాయి.

గిరిజన స్త్రీలు ఇప్పపువ్వుతో చేసే లడ్లు దొరికితే తప్పకుండా తెచ్చుకోండి. మా ఇంట్లో పిల్లలు రెండ్రోజుల్లో డబ్బా ఖాళీ చేశారు.

వెళ్ళడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. శ్రీరామనవమికి, ముక్కోటికి వెళ్ళాలంటే గది ముందే చూసుకోండి. జూలై, ఆగస్టు నెలల్లో మటుకు బయల్దేరేముందు నీటిమట్టం ఎంతుందో కనుక్కోండి. టీవీ పెట్టి చూసినా సరే... పెద్ద పెద్ద మాటలు వదిలేసి, ఎన్ని అడుగులో చెప్పేవాళ్ళ మాట నమ్మండి.